ఇంటికి కెమెరాలు పెట్టిస్తున్నారా? బిగించే మనిషిని ముందు చూడండి



స్కూల్ బస్సు సాయంత్రం నాలుగున్నరకు పిల్లల్ని వీధి మలుపులో దింపుతుంది. అమ్మానాన్నలు ఆఫీసుల నుంచి ఇల్లు చేరేసరికి ఏడు అవుతుంది, కొన్ని ఇళ్ళలో ఎనిమిది. ఆ మధ్య వేళలో పిల్లలు నాయనమ్మ దగ్గరో, పనిమనిషి దగ్గరో ఉంటారు. కాస్త పెద్దవాళ్ళైతే తాళం వాళ్ళే తీసుకుని ఒంటరిగా ఉంటారు. అందుకే ఈ రోజుల్లో చాలామంది తల్లిదండ్రులు ఇంటికి సీసీ కెమెరాలు, వీడియో డోర్‌బెల్, డిజిటల్ తాళం పెట్టిస్తున్నారు. ఆఫీసులో కూర్చుని ఫోన్ తెరిస్తే పాప ఇంటికి చేరిందో లేదో తెలుస్తుంది. అది మంచి పనే.

అయితే ఒక విషయం గమనించండి. ఏ కంపెనీ కెమెరా కొనాలి, ఎన్ని మెగాపిక్సెళ్ళు ఉండాలి, ఎక్కడ ఆఫర్ ఉంది అని మనం రెండు వారాలు వెతుకుతాం. దాన్ని బిగించే మనిషి ఎవరో మాత్రం షాపువాడు పంపినప్పుడు, తలుపు తీశాకే చూస్తాం. ఆయన రెండు గంటలు ఇంట్లో తిరుగుతాడు. ఏ గది ఎక్కడుందో, ఏ వేళకు ఎవరుంటారో, బీరువా ఏ గోడకు ఉందో చూస్తాడు. చివర్లో మీ ఫోన్‌లో యాప్ పెట్టి, పాస్‌వర్డ్ కూడా తనే పెట్టి వెళ్ళిపోతాడు.

మన ఇంటి తాళంచెవి ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఇవ్వం. కెమెరా పాస్‌వర్డ్ కూడా తాళంచెవే. అర్హత, చిరునామా, బాధ్యత ఉన్న మనిషి చేతే ఈ పని ఎందుకు చేయించుకోవాలి, అలాంటి మనిషిని ఎలా గుర్తుపట్టాలి అన్నదే ఈ నెల పాఠం.

కెమెరా ఒకటే, పనులు మూడు

గోడకు నాలుగు మరలు బిగించడం ఎవరైనా చేస్తారు. కానీ ఒక కెమెరా సరిగా పనిచేయాలంటే మూడు వేరు వేరు పనులు తెలిసి ఉండాలి. ఒకటి కరెంటు పని. రెండోది నెట్‌వర్క్ పని. మూడోది ఏది ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనే వివేకం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా కెమెరా మొదటి రోజు బాగానే కనిపిస్తుంది. లోపం తర్వాత, మనకు నిజంగా అవసరం పడ్డ రోజున బయటపడుతుంది.

మొదటిది: కరెంటు పని

మీ పదో తరగతి పిల్లవాడి భౌతికశాస్త్రం పుస్తకంలో ఓమ్ నియమం ఉంది. వోల్టేజీ అంటే కరెంటును నిరోధంతో గుణించగా వచ్చేది. ఆ ఒక్క సూత్రంతోనే ఒక సాధారణ ఫిర్యాదుకు జవాబు దొరుకుతుంది. ‘‘పగలు కెమెరా బాగానే ఉంటుందండీ, రాత్రయితే ఆగిపోతుంది’’ అన్నది ఆ ఫిర్యాదు.

లెక్క చూద్దాం. ఇళ్ళలో పెట్టే చాలా కెమెరాలు 12 వోల్టుల మీద నడుస్తాయి. పగలు ఒక కెమెరా 0.2 ఆంపియర్ తీసుకుంటుందనుకోండి. రాత్రి చీకట్లో చూడటానికి దానిలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి కాబట్టి అప్పుడు 0.5 ఆంపియర్ దాకా తీసుకుంటుందనుకుందాం. అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న రాగి తీగకు మీటరుకు సుమారు 0.09 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. హాల్లోని సప్లై పెట్టె నుంచి గేటు దగ్గరి కెమెరాకు 30 మీటర్ల దూరం ఉందనుకోండి. కరెంటు వెళ్ళిరావాలి కాబట్టి తీగ పొడవు 60 మీటర్లు. మొత్తం నిరోధం 5.4 ఓమ్‌లు.

పగలు తీగలోనే పోయే వోల్టేజీ 0.2 × 5.4 = 1.08 వోల్టులు. కెమెరాకు దాదాపు 10.9 వోల్టులు అందుతాయి. రాత్రి 0.5 × 5.4 = 2.7 వోల్టులు పోతాయి. కెమెరాకు మిగిలేది 9.3 వోల్టులే. ఆ కెమెరాకు కావలసిన కనీస వోల్టేజీ అంతకన్నా ఎక్కువైతే అది ఆగిపోతుంది, లేదా ఆగి ఆగి మళ్ళీ మొదలవుతుంది. దొంగ వచ్చేది ఎక్కువగా ఆ వేళకే.

ఇది కెమెరా తప్పు కాదు. తీగ ఎంపికలో తప్పు. పైగా మార్కెట్లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత వేసిన చవక కేబుల్ దొరుకుతుంది. చూడటానికి రాగిలాగే ఉంటుంది కానీ నిరోధం దాదాపు ఒకటిన్నర రెట్లు. పని తెలిసినవాడు దూరం కొలిచి, ఏ తీగ వాడాలో చెబుతాడు. సప్లైని కెమెరాకు దగ్గరగా పెడతాడు, లేదా నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఎక్కువ వోల్టేజీతో కరెంటు పంపే పద్ధతి ఎంచుకుంటాడు. పని తెలియనివాడు చేతిలో ఉన్న చుట్ట విప్పి లాగేస్తాడు.

12 వోల్టులతో ప్రాణానికి ప్రమాదం ఉండదు. కానీ ఆ సప్లై పెట్టెకు 230 వోల్టుల లైను కావాలి. గేటు మోటారుకు కావాలి. కొత్తగా ఒక పాయింటు తీయాలి, మెయిన్ బోర్డు నుంచి లైను లాగాలి. అక్కడి నుంచి ఇది చట్టం చూసే పని అవుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం కొత్తగా వైరింగ్ చేయడం, ఉన్న వైరింగ్‌ను మార్చడం లాంటి పనులు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి. పనిచేసే మనిషికి పర్మిట్ ఉండాలి, పర్యవేక్షించే మనిషికి యోగ్యతా పత్రం ఉండాలి. బల్బు, ఫ్యాను, స్విచ్చు, ఫ్యూజు మార్చడం లాంటి చిన్న పనులకే మినహాయింపు.

ప్రహరీ గోడ మీద కరెంటు కంచె పెట్టించాలనుకునేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. సరైన భద్రతా కంచె ‘ఎనర్జైజర్’ అనే పరికరంతో నడుస్తుంది. అది సెకనుకు ఒకసారి చొప్పున, క్షణంలో వెయ్యో వంతు లెక్కన సాగే చిన్న చిన్న షాకులే ఇస్తుంది. ముట్టుకున్నవాడు అదిరిపడి చేయి వెనక్కి తీసుకుంటాడు. ఇంటి లైనును నేరుగా తీగకు కలిపితే అది కంచె కాదు, ఉరి. పొలాల్లో అడవిపందుల కోసం అలా పెట్టిన తీగలు తగిలి మనుషులు చనిపోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. బంతి కోసం గోడెక్కే పిల్లలున్న వీధిలో ఈ పనిని లైసెన్సు లేని మనిషికి అప్పగించకండి.

రెండోది: నెట్‌వర్క్ పని

కెమెరాను ఫోన్‌లో చూడగలుగుతున్నామంటే అది ఇంటర్నెట్‌కు కలిసి ఉందని అర్థం. మనం చూడగలిగే దారిలోనే సరైన తాళం లేకపోతే మరొకరూ చూడగలరు.

2016లో ‘మిరాయ్’ అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా ఇళ్ళలోని కెమెరాలను, రికార్డర్లను, రూటర్లను లక్షల సంఖ్యలో తన చెప్పుచేతల్లోకి తెచ్చుకుంది. దానికి గొప్ప తెలివితేటలేమీ అవసరం కాలేదు. ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌ల జతలు సుమారు అరవై దాని దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కటే ప్రయత్నించింది. బిగించినవాళ్ళు మార్చకుండా వదిలేసిన చోటల్లా లోపలికి వెళ్ళింది. ఆ ఏడాది అక్టోబరు 21న ఇలాంటి పరికరాల దండుతో జరిగిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు కూడా కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి.

మన దేశంలో జరిగింది అంతకన్నా బాధాకరం. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు బయటికి పొక్కాయి. వైద్య పరీక్ష కోసం వచ్చిన మహిళల వీడియోలు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో కనిపించాయి. పోలీసులు అరెస్టులు చేశారు. ‘అడ్మిన్ 123’ లాంటి, ఎవరైనా ఊహించగల పాస్‌వర్డ్ మార్చకుండా ఉంచడం వల్లే ఇది సాధ్యమైందని వార్తల్లో వచ్చింది. ఆ కెమెరాలు ఆసుపత్రి భద్రత కోసం పెట్టినవే.

ఇళ్ళలో దీనికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటి ఉంది. యాప్‌లో పనిచేసే చాలా కెమెరాలను మొదట ఏ ఖాతాతో నమోదు చేస్తే ఆ ఖాతాదారే యజమాని. మిగతావాళ్ళంతా ఆయన అనుమతితో చూసేవాళ్ళే. బిగించడానికి వచ్చిన అబ్బాయి పని తొందరగా తెమలాలని తన ఫోన్‌లోనే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తన ఖాతాలో నమోదు చేసి, మీకు ‘షేర్’ చేస్తాడు. మీ ఫోన్‌లో బొమ్మ కనిపిస్తుంది కాబట్టి మీరు సంతోషిస్తారు. కానీ మీ హాల్లో కెమెరాకు యజమాని ఆయనే. ఉద్యోగం మారినా, ఊరు మారినా, ఆయన ఫోన్ పోయినా మీ హాలు ఆ ఖాతాలో ఉంటుంది. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు కనిపిస్తుంది. రేపు మీరు పాస్‌వర్డ్ మర్చిపోతే ఆయన నంబరు కోసం వెతుక్కోవాలి.

ఈ సందర్భంలో తరచుగా వినిపించే మాట ఇది: ‘‘సార్, పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటే మీకే మంచిది. ఏదైనా ట్రబుల్ వస్తే ఇంటికి రాకుండానే సరిచేస్తాను.’’ ఆయన మంచి ఉద్దేశంతోనే అనవచ్చు. మీరు మొహమాటపడకుండా, నొప్పించకుండా ఇలా చెప్పండి: ‘‘వద్దు తమ్ముడూ, ఓనర్ అకౌంట్ నా ఫోన్‌లోనే పెట్టు. రిపేరు వచ్చినప్పుడు ఆ పూటకు షేర్ చేస్తాను, పని అయ్యాక తీసేస్తాను.’’ పని తెలిసినవాడు ఈ మాటకు నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఆలోచించాల్సింది మీరే.

మూడోది: చోటు తెలిసిన వివేకం

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది గోడలో మర ఎక్కడ దిగుతుందన్నదాన్ని బట్టి నిర్ణయించేది కాదు. గుమ్మానికి ఎదురుగా మరీ ఎత్తులో పెడితే వచ్చినవాడి నడినెత్తి తప్ప మొహం రికార్డు కాదు. పడమటి వైపుకు తిప్పితే సాయంత్రం ఎండ పడి బొమ్మంతా తెల్లగా అయిపోతుంది. బాల్కనీ దీపం ఎదురుగా ఉంటే రాత్రి మనిషి నీడలా కనిపిస్తాడు. అనుభవం ఉన్నవాడు పగలూ రాత్రీ వెలుతురు ఎటు నుంచి వస్తుందో అడిగాకే గుర్తు పెడతాడు.

ఇంతకన్నా ముఖ్యమైనది, ఎక్కడ పెట్టకూడదన్నది. స్నానాల గది దగ్గర, బట్టలు మార్చుకునే చోట, పడకగదిలో, ఎదురింటి తలుపు లోపలికి కనిపించేలా కెమెరా ఉండకూడదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఈ సెక్షన్ ప్రకారం ఒకరి అనుమతి లేకుండా వారి శరీరంలోని ఆంతరంగిక భాగాల చిత్రాలు తీయడం, పంపడం నేరం. దానికి మూడేళ్ళ వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు. మహిళల ఏకాంతాన్ని చూడటం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్ కింద నేరం. ఒకే ఇంట్లో వేరు వేరు వాటాల్లో ఉన్నవారి మధ్య వచ్చిన ఒక కేసులో కలకత్తా హైకోర్టు 2025లో ఒక మాట స్పష్టం చేసింది. కలిసి ఉంటున్న వారి అనుమతి లేకుండా ఇంటి లోపలి భాగాల్లో కెమెరాలు నడపడం వారి గోప్యతకు భంగమేనంది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

మన పిల్లల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్ల గదిలో, మగపిల్లవాడి గదిలో కెమెరా పెట్టి ‘నీ మంచికే’ అంటే వాళ్ళు నమ్మకం కోల్పోతారు. గుమ్మం, వరండా, పార్కింగు చాలు. ఇంట్లో ఏ కెమెరా ఎక్కడ ఉందో పిల్లలకు, పెద్దలకు, పనిమనిషికి ముందే చెప్పండి. తెలియకుండా చూడటం కాపలా అనిపించుకోదు.

మరి ‘లైసెన్సు’ అంటే మన దగ్గర ఏమిటి?

అమెరికాలో ఉన్న మన బంధువులను అడిగి చూడండి. కాలిఫోర్నియాలో ఇళ్ళకు దొంగల అలారం వ్యవస్థ బిగించే కంపెనీకి అక్కడి రాష్ట్ర ప్రభుత్వ విభాగం లైసెన్సు ఇస్తుంది. నంబరు ఉంటుంది, దాన్ని సరిచూసుకోవచ్చు. మన దేశంలో ఇంటికి సీసీ కెమెరాలు బిగించే మనిషికి అలాంటి ఒకే ఒక్క లైసెన్సు లేదు. ‘మేం గవర్నమెంట్ లైసెన్స్‌డ్’ అని కార్డు మీద వేసుకున్నంత మాత్రాన ఏమీ తేలదు. ఏ లైసెన్సు, ఎవరిచ్చారు, నంబరెంత అని అడగాలి. మన దగ్గర చూడాల్సినవి ఇవి.

1. కరెంటు పనికి: రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు, పనిచేసే మనిషికి వైర్‌మన్ పర్మిట్. గడువు తేదీ చూడండి.

2. పరికరానికి: సీసీ కెమెరాకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పెట్టె మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొట్టి అది నిజమైనదో కాదో చూసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వుతో కెమెరాలకు సైబర్ భద్రతా పరీక్షలు కూడా కలిశాయి. అవి 2025 ఏప్రిల్ 9 నుంచి అమలులోకి వచ్చాయి. పాత స్టాకును చవకగా ఇస్తామంటే ఈ విషయం అడగండి.

3. మనిషికి: ఆ కంపెనీ పరికరాల మీద శిక్షణ పొందిన పత్రం, లేదా అధీకృత డీలరు తరఫున వచ్చినట్టు గుర్తింపు కార్డు. పేరు, ఫొటో, ఫోన్ నంబరు మీ దగ్గర ఉంచుకోండి.

4. వ్యాపారానికి: చిరునామా ఉన్న బిల్లు. జీఎస్టీ నంబరు ఉంటే ప్రభుత్వ జీఎస్టీ పోర్టల్‌లో ఆ పేరు సరిపోతుందో చూడండి. బిల్లు లేకుండా కాస్త తగ్గించే మాట వస్తే, ఆ తగ్గింపు విలువ మీ వారంటీయేనని గుర్తుంచుకోండి.

5. కాపలాదారులు కూడా కావాలంటే: గేటెడ్ కమ్యూనిటీలకు, అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్లను పంపే ఏజెన్సీలకు 2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల నియంత్రణ చట్టం కింద రాష్ట్ర లైసెన్సు ఉండి తీరాలి. మీ అసోసియేషన్ సమావేశంలో ఆ కాపీ చూపించమని అడగండి. అడిగే హక్కు ప్రతి ఫ్లాటు యజమానికీ ఉంది.

పని మొదలయ్యే ముందు అడగాల్సిన ప్రశ్నలు

• ఇంటికి వచ్చి చూశాకే ధర చెబుతారా? ఫోన్‌లోనే మొత్తం ధర చెప్పేవాళ్ళు దూరం కొలవలేదని అర్థం.

• కెమెరాలకు, రికార్డరుకు, హార్డ్ డిస్కుకు, కేబుల్‌కు, కూలికి విడివిడిగా ధర రాసిస్తారా?

• కేబుల్ పూర్తి రాగిదేనా? బిల్లులో ఆ మాట రాస్తారా?

• కరెంటు పోతే రికార్డింగ్ ఎంతసేపు నడుస్తుంది? రికార్డరుకు, ఇంటర్నెట్ రూటరుకు యూపీఎస్ ఉందా?

• డిజిటల్ తాళమైతే కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా లోపలి నుంచి తలుపు చేత్తో తెరుచుకుంటుందా? ఇంట్లో పిల్లలున్నప్పుడు ఇది మొదటి ప్రశ్న కావాలి. పొగ వచ్చినప్పుడు పిల్లవాడికి పిన్ నంబరు గుర్తుకు రాదు.

• రిపేరుకు ఎవరు వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు? ఏడాది తర్వాత సర్వీసు ఒప్పందం ఖర్చు ఎంత?

మనిషి గుమ్మం దాటే ముందు

డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. ఈ కింది పనులు మీ కళ్ళ ముందు జరిగాక చివరి భాగం ఇవ్వండి.

• యజమాని ఖాతా మీ ఫోన్ నంబరు లేదా మీ మెయిల్‌తో తెరిచి, కెమెరాలు అందులో నమోదు చేయించుకోండి.

• రికార్డరు అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మీరే, మీ చేత్తో మార్చండి. ఇంటి పేరు, పిల్లల పుట్టినరోజు, ఫోన్ నంబరు వాడకండి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. రికార్డరు మీద స్టిక్కరుగా అంటించకండి.

• వైఫై పాస్‌వర్డ్ ఆయనకు చెప్పి ఉంటే సాయంత్రం దాన్ని కూడా మార్చండి.

• పది నిమిషాల పాత రికార్డింగును వెనక్కి తిప్పి చూపించమనండి. ఫోన్‌లో ప్రత్యక్ష దృశ్యం కనిపించినంత మాత్రాన రికార్డు అవుతున్నట్టు కాదు. హార్డ్ డిస్కు సెట్ చేయకుండా వెళ్ళిపోయే సందర్భాలు ఉంటాయి. ఆ సంగతి దొంగతనం జరిగాక పోలీసులు అడిగినప్పుడు తెలిస్తే లాభం లేదు.

• రికార్డరులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో చూడండి. గంట తేడా ఉంటే దర్యాప్తులో చిక్కు వస్తుంది.

• చీకటి పడ్డాక ప్రతి కెమెరానూ ఒకసారి చూడండి. అందుకే పనిని ఉదయం కాకుండా మధ్యాహ్నం పెట్టుకుంటే మేలు.

మనమే బిగించుకోకూడదా?

బిగించుకోవచ్చు. ప్లగ్‌లో పెట్టుకునే చిన్న వైఫై కెమెరా, బ్యాటరీతో నడిచే డోర్‌బెల్ లాంటివి పెట్టెలోని పుస్తకం చదివి మీరే పెట్టుకోవచ్చు. వాటిలో గోడ పగలగొట్టే పని, కొత్త లైను లాగే పని లేదు. ఒకరకంగా అది మంచిది కూడా, పాస్‌వర్డ్ మొదటి నుంచీ మీ దగ్గరే ఉంటుంది. మీరు చేయాల్సిందల్లా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చడం, యాప్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా వేసుకోవడం.

కానీ 230 వోల్టుల కొత్త లైను కావలసిన చోట, గేటు మోటారు, కరెంటు కంచె, తలుపుకు అయస్కాంత తాళం ఉన్న చోట, నాలుగైదు కెమెరాలు ఒక రికార్డరుకు కలిపే చోట సొంత ప్రయోగాలు వద్దు. ‘మా చిన్నాన్న కొడుకు బీటెక్ చదువుతున్నాడు, వాడే పెడతాడు’ అనుకునే ముందు ఒక్క మాట ఆలోచించండి. తేడా వస్తే ఆ అబ్బాయిని బాధ్యుణ్ణి చేయలేం, చుట్టరికం చెడుతుంది. బిల్లు ఇచ్చినవాణ్ణి అడగగలం. లైసెన్సు నంబరుతో ప్రయోజనం అదే. దాని వెనుక జవాబు చెప్పాల్సిన ఒక పేరు, ఒక చిరునామా ఉంటాయి.

ఇప్పటికే కెమెరాలు ఉన్న ఇళ్ళవాళ్ళు కంగారు పడక్కర్లేదు. యాప్ తెరిచి ‘షేరింగ్’ లేదా ‘యూజర్స్’ అనే భాగం చూడండి. మీకు తెలియని పేరో నంబరో ఉంటే తీసేయండి. మీరే షేర్ అందుకున్నవారిగా కనిపిస్తే బిగించిన వ్యక్తికి ఫోన్ చేసి, యాజమాన్యం మీ పేరుకు మార్చమని అడగండి. ఆయన దొరకకపోతే బిల్లుతో కంపెనీ సేవా కేంద్రానికి వెళ్ళండి. మీ ఇంటి దృశ్యాలు బయటికి వెళ్ళాయన్న అనుమానం ఉంటే కెమెరా ప్లగ్ తీసేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. ప్రమాదం ఇంటి దగ్గరే ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయండి.

ఈ ఆదివారం పిల్లలతో కలిసి చేయండి

6, 7 తరగతుల వారికి: ఇంట్లో ఇంటర్నెట్‌కు కలిసే వస్తువులన్నీ లెక్కపెట్టి పట్టిక రాయమనండి. ప్రతిదాని ఎదుట ‘పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చాం?’ అనే గడి పెట్టించండి. ఖాళీగా ఉన్న గడులే ఆ రోజు పని.

8, 9 తరగతుల వారికి: ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్‌ల చొప్పున రికార్డు చేస్తుంది. 8 బిట్లు ఒక బైటు. నాలుగు కెమెరాలున్న ఇంట్లో 1 టెరాబైటు హార్డ్ డిస్కు ఎన్ని రోజులకు నిండుతుంది?

జవాబు: 2 మెగాబిట్లు అంటే 0.25 మెగాబైట్లు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి ఒక కెమెరాకు 21,600 మెగాబైట్లు, అంటే 21.6 గిగాబైట్లు. నాలుగింటికి 86.4 గిగాబైట్లు. వెయ్యి గిగాబైట్లను 86.4తో భాగిస్తే సుమారు పదకొండున్నర రోజులు. సంక్రాంతికి ఊరెళ్ళి పన్నెండు రోజులకు తిరిగి వచ్చేవారి ఇంట్లో మొదటి రోజు రికార్డింగు చెరిగిపోయి ఉంటుంది. నెల రోజులు ఉండాలంటే ఎంత డిస్కు కావాలో కూడా పిల్లల చేతే లెక్క కట్టించండి. బిగించే మనిషిని అడగాల్సిన ప్రశ్న అదే.

10వ తరగతి వారికి: పైన చెప్పిన గేటు కెమెరాకు రాత్రి 6 వాట్లు కావాలి. అదే 6 వాట్లను 12 వోల్టులకు బదులు 48 వోల్టులతో పంపితే అదే తీగలో ఎంత వోల్టేజీ పోతుంది?

జవాబు: కరెంటు 6 ÷ 48 = 0.125 ఆంపియర్. పోయే వోల్టేజీ 0.125 × 5.4 = 0.675 వోల్టులు మాత్రమే. నెట్‌వర్క్ కేబుల్‌లో ఎక్కువ వోల్టేజీతో కరెంటు పంపే పద్ధతి ఎందుకు మేలో ఈ లెక్కే చెబుతుంది. మన ఊళ్ళకు కరెంటు హైటెన్షన్ లైన్ల మీద ఎందుకు వస్తుందో కూడా ఇదే లెక్కతో వివరించమనండి.

మనం ఇంట్లో లేని వేళల్లో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలనే కెమెరా పెట్టిస్తాం. ఆ దృశ్యం మనకు తప్ప మరొకరికి కనిపించకూడదు, అవసరమైన రోజున అది రికార్డులో ఉండాలి. ఈ రెండూ కెమెరా ధరతో రావు. బిగించిన మనిషి పనితనంతో, మనం అడిగిన ప్రశ్నలతో వస్తాయి. వచ్చే వారం మీ ఇంటికి ఎవరైనా నిచ్చెనతో వస్తుంటే ఈ పేజీని చేతిలో పెట్టుకుని తలుపు తీయండి.